కొండ దాటిన పాట, దాటని ఇంటర్నెట్టు

గత వేసవిలో ఒక శ్రోత వ్రాసిన ఉత్తరము నా బల్లమీద చాల దినములు ఉండిపోయినది. వ్రాసినవారు తూర్పు కనుమలలోని యొక చిన్న పల్లెలో ఉపాధ్యాయులు. పాటలు కోరుచు వచ్చు ఉత్తరములకు బదులు చెప్పుట మాకు అలవాటే. ఈ ఉత్తరము పాటను కోరలేదు, కారణమును అడిగినది. మా ఎఫ్.ఎం. ప్రసారము వారి ఊరికి చక్కగా వినవచ్చునట. మేకలను తోలుకొనిపోవు పిల్లవాని జేబులోని సెట్టులో గూడ పలుకునట. మా ప్రసారిణి వారికి 40 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. మండల కేంద్రమో, 11 కిలోమీటర్లే. నడుమ నొక కొండ. ఆ మండల కేంద్రములో నున్న ఇంటర్నెట్టు మాత్రము కొండను దాటి బడికి రాదు. పాఠములను దించుకొనవలెనన్నచో పిల్లలు కొండనెక్కి, పైనున్న చింతచెట్టు క్రింద కూర్చుండవలెను. రెండును కంటికి కనబడని తరంగములే కదా, దూరపుది వచ్చి దగ్గరిది రాకపోవుటకు హేతువేమి యని వారి ప్రశ్న.

మా ఇంజనీరింగు శాఖలోని మిత్రుని అడిగితిని. ఆయన "ఫ్రీక్వెన్సీ తేడా" యని ఒక్క మాట చెప్పి, స్టూడియోలో ఎఱ్ఱదీపము వెలుగుచున్నదని వెడలిపోయెను. ఆ మాట తప్పు కాదు. కాని జ్వరమునకు కారణము ఒళ్ళు వేడెక్కుటయే యన్నట్లున్నది. కళాశాలనాటి భౌతికశాస్త్ర గ్రంథముల దుమ్ము దులిపి, ఆ మిత్రుని మఱి రెండు మూడు పర్యాయములు విసిగించి, నేను గ్రహించిన దానిని ఇచ్చట వ్రాయుచున్నాను. ఆ ఉపాధ్యాయుని ప్రశ్న మన్యములో మఱెన్ని పల్లెల ప్రశ్నయో చెప్పలేము గదా.

మొదట తరంగముల కొలత. ఒక తరంగపు శిఖరము నుండి మఱుశిఖరము వఱకు గల పొడవే తరంగదైర్ఘ్యము. సెకనుకు పది లక్షల కంపనములు ఒక మెగాహెర్ట్జ్. మా పూర్వపు ఇంజనీర్లు దీనినే మెగాసైకిలనెడివారు. 300ను మెగాహెర్ట్జ్‌ల సంఖ్యచే భాగించినచో తరంగదైర్ఘ్యము మీటర్లలో లభించును. హైదరాబాదు 'ఏ' కేంద్రపు శ్రోతలకు చిరపరిచితమైన 738 కిలోహెర్ట్జ్ మధ్యతరంగము పొడవు 406 మీటర్లు. ఎఫ్.ఎం. ప్రసారములు జరుగు 88 నుండి 108 మెగాహెర్ట్జ్‌ల తరంగము ఇంచుమించు 3 మీటర్లు, అనగా ఒక గది పొడవు. ఇండ్లలోను కార్యాలయములలోను వాడు వై-ఫై తరంగము 2400 మెగాహెర్ట్జ్‌లది. దాని పొడవు 12 సెంటీమీటర్లన్నర, అనగా జానెడైనను లేదు. 30 నుండి 300 మెగాహెర్ట్జ్‌ల వఱకు గల భాగమునకు 'అత్యున్నత పౌనఃపున్యము' అని పేరు పెట్టిరి. పేరు పెట్టిననాడు అంతకంటె ఎత్తైన మెట్టు అక్కరపడునని తలచి యుండరు. నేటి ఇంటర్నెట్టు పరికరములలో పెక్కు ఆ మెట్టును ఎప్పుడో దాటిపోయినవి.

మధ్యతరంగము భూమిని అంటిపెట్టుకొని సాగును. హ్రస్వతరంగము ఆకాశమున అయనోవరణమునకు తగిలి తిరిగి భూమికి దిగును. అందుచేతనే సింహళములోని పాటలను మన పెద్దలు ఇంట కూర్చుండి వినిరి. వాల్తేరులో ఆచార్య బి. రామచంద్రరావుగారు, వారి శిష్యులు ఏండ్ల తరబడి పరిశోధించినది ఈ అయనోవరణమునే. అత్యున్నత పౌనఃపున్య తరంగములు సాధారణముగా దానిని చీల్చుకొని పైకి పోవును, మఱి దిగి రావు. తిరుపతికి చేరువనున్న గాదంకిలో 53 మెగాహెర్ట్జ్‌లతో పనిచేయు గొప్ప రాడారు కలదు. 1024 ఏరియళ్ళను పొలమువలె పఱచి తరంగములను నిలువుగా పైకి పంపుదురు. పై గాలిలోని సుడుల నుండి తిరిగివచ్చు లవలేశమును పట్టి ఆ గాలుల పోకడను లెక్కింతురు. పంపినది లక్షల వాట్లు, తిరిగివచ్చునది లవలేశము! కావున నిత్యవ్యవహారమున ఈ తరంగములు ఆకాశము మీద ఆధారపడుటకు వీలులేదు. టవరు నుండి నేలమీదుగా ఎంత దూరము 'కనబడునో' అంతయే వాని ప్రధాన రాజ్యము.

ఈ కనబడు దూరమునకు ఒక చిన్న లెక్క యున్నది. టవరు ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 4.1తో గుణించినచో రేడియో దిఙ్మండలము కిలోమీటర్లలో వచ్చును. 100 మీటర్ల టవరుకు 41 కిలోమీటర్లు. 30 మీటర్ల దానికి 22 కిలోమీటర్లన్నర. కంటిచూపుకైనచో 4.1కి బదులు 3.6తో గుణింపవలెను. రేడియో చూపు కంటిచూపు కంటె కొంచెము ఎక్కువ. పైకి పోయిన కొలది గాలి పలుచనగుటచే తరంగము నేలవైపు స్వల్పముగా వంగును. తీరప్రాంతములలో కొన్ని వేసవి రాత్రులందు, చల్లని గాలిపై వేడిగాలి పొరవలె నిలిచినప్పుడు, ఈ వంపు మితిమీరి తరంగములు వందల కిలోమీటర్లు సాగుటయు కలదు. ఏరియళ్ళ కాలమున ఎక్కడిదో తెలియని టెలివిజను బొమ్మ తెరపై కనబడి మాయమగుటకు ఇది యొక కారణము. అట్టి అదృష్టమును నమ్ముకొని బడి నడుపలేము.

ఇక కొండ. పెండ్లి ఊరేగింపు వీధి మలుపు తిరుగకముందే మనకు డోలు వినవచ్చును. సన్నాయి స్వరము మలుపు తిరిగిన పిదపగాని స్పష్టపడదు. డోలు పలుకు శబ్దతరంగములు పొడవైనవి, గోడ అంచున వంగి చుట్టుకొని రాగలవు. సన్నాయి తరంగములు పొట్టివి, తిన్నగా పోవుటయే వానికి తెలియును. రేడియో తరంగములకును ఇదే ధర్మము. దీనిని వివర్తనమందురు.

ఉపాధ్యాయుని ఊరి కొండకు ఒక లెక్క కట్టి చూచితిని. మండల కేంద్రమునకు 8, ఊరికి 3 కిలోమీటర్ల దూరమున కొండశిఖరము కలదనుకొందము. రెండు ఏరియళ్ళను కలుపు సరళరేఖకు అది 100 మీటర్ల పైకి లేచినదనియు, దాని శిఖరము కత్తి అంచువలె పదునైనదనియు అనుకొందము. కొండ లేకున్నచో చేరవలసిన శక్తిలో, మూడు మీటర్ల తరంగమునకు అఱువదియవ వంతు మిగులును. వై-ఫై తరంగమునకు పదునాలుగు వందలవ వంతు మాత్రమే మిగులును. నిజమైన కొండలు కత్తి అంచులు కావు, మొద్దు వీపులు. కావున నష్టము ఇంతకంటె హెచ్చుగనే యుండును. అయినను రెంటికి గల తారతమ్యము తెలియుచున్నది. మా ఎఫ్.ఎం. ప్రసారము ఆ ఊరికి కొండ మీద నుండి జారి, మిక్కిలి తఱిగి చేరుచున్నది. తఱిగినను చేవ చావకుండుటకు వేఱొక కారణము గూడ కలదు. దానికి తరువాత వత్తును.

కొండ దాటిన పిదప చెట్లు. మన్యపు టూళ్ళు మామిడి, పనస, చింతల నడుమ దాగియుండును. ఆకులు నిండిన తోపులో తరంగము ఎంత నష్టపోవునో తెలుపుటకు ఇంజనీర్లు వాడు సూత్రమొకటి యున్నది. దాని ప్రకారము 50 మీటర్ల తోపు దాటునప్పటికి 2400 మెగాహెర్ట్జ్‌ల తరంగమున ఏబదియవ వంతు మిగులును. 230 మెగాహెర్ట్జ్‌లది ఇంచుమించు ఏడవ వంతు మిగులును. వాన విషయమున మాత్రము ఒక అపోహ ప్రచారములో నున్నది. ఈ రెండు తరంగములకును వానచినుకు లెక్కలోనిది కాదు; 10,000 మెగాహెర్ట్జ్‌లు దాటిన పిదపనే వాన గట్టిగా బాధించును. వానకాలమున వై-ఫై మందగించినదని చెప్పువారు అబద్ధమాడుట లేదు; తడిసి బరువెక్కిన ఆకులు, తడి గోడలు అడ్డుపడుచున్నవి, చినుకులు కాదు.

ఇంతవఱకు చదివినవారికి పొట్టి తరంగము పుట్టుకతోనే దుర్బలమని తోచవచ్చును. అది సరికాదు. అడ్డు లేని బయలున పొడవైన తరంగమును పొట్టి తరంగమును ఒకే తీరున వ్యాపించి పలుచబడును. అయినను 200 మెగాహెర్ట్జ్‌ల ఏరియలు పట్టిన దానికంటె, అదే తీరు 2400 మెగాహెర్ట్జ్‌ల ఏరియలు 144 రెట్లు తక్కువ పట్టును. ఏలనన, ఏరియలు పొడవు తరంగములో సగముండుట రివాజు: 200కు 75 సెంటీమీటర్లు, 2400కు ఆఱు సెంటీమీటర్లు. తొట్టి చిన్నదైనచో వాననీరు తక్కువ పడినదని మేఘమును నిందింపరాదు కదా. పెద్ద తొట్టి పెట్టినచో చాలును. పొట్టి తరంగమునకు పెద్ద తొట్టి యనగా పళ్ళెము వంటి ఏరియలు. దానిని ఒకే దిక్కునకు గుఱి చూచి కట్టవలెను.

ఈ మాటకు మన నేలమీదనే పాత సాక్ష్యమున్నది. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము పాటు ఉపగ్రహము ద్వారా 2400 గ్రామములకు టెలివిజను బోధన ప్రసారము చేసిరి. వానిలో మన తెలుగు జిల్లాల గ్రామములును కలవు. ఆ గ్రామములలో నిలిపినది ఇనుప జల్లెడతో, కోళ్ళగూటికి వాడు అల్లికతో చేసిన పది అడుగుల పళ్ళెము! 860 మెగాహెర్ట్జ్‌ల తరంగమును 36,000 కిలోమీటర్ల యెత్తు నుండి అది పట్టినది. అడ్డు లేకున్నచో దూరము అంత భయంకరమైనది కాదు.

వెనిజులా దేశమున ఎర్మాన్నో పియెట్రోసెమోలీ యను ఆచార్యుడు 2007లో సామాన్యమైన వై-ఫై పరికరములను పళ్ళెపు ఏరియళ్ళకు తగిలించి, రెండు పర్వతముల నడుమ 382 కిలోమీటర్ల దూరము సంభాషణ నడిపినాడు. ఒక పర్వతము 4000 మీటర్లకు పైబడినది. భూమి వంపును గూడ దాటి ఎదుటి పర్వతము కనబడవలెను గనుక అంత ఎత్తు ఏరుకొనెను. చిత్రమేమనగా, అచ్చట తరంగము బలహీనపడుట కంటె పరికరమునకు ఓర్పు లేకపోవుట పెద్ద చిక్కైనది. వై-ఫై యంత్రము ఒక మాట పంపి, "ముట్టినది" యను బదులుకై రెప్పపాటులో వేయవవంతైనను ఆగదు. 382 కిలోమీటర్లు పోయి వచ్చుటకు కాంతివేగమున పోయినను సెకనులో నాలుగు వందలవ వంతు పట్టును. బదులు రాలేదని యంత్రము అదే మాటను మరల మరల పంపుచుండును. దానికి ఓర్పు నేర్పుటకు లోపలి ఆదేశములను మార్చవలసి వచ్చెను.

ఇది గొప్ప విన్యాసము. మనకు కావలసినది అంతకంటె చిన్నది. తమిళనాడులోని తేని ప్రాంతమున అరవింద కంటి ఆసుపత్రివారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ పరిశోధకులతో కూడి, ఇట్టి దూరపు వై-ఫై లంకెలతో పల్లె కేంద్రములను ఆసుపత్రికి కలిపిరి. రోగి తన ఊరి దగ్గఱి కేంద్రములో కూర్చుండగా వైద్యుడు ఆసుపత్రి నుండి చూచి మాటలాడును. పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషను వారు 'అశ్విని' యను పేర పల్లెలను ఇదే విధమున కలిపిరి. అచ్చట కొండలు లేవు, కొబ్బరిచెట్లు కలవు. కొబ్బరి తలలపై నుండి చూపు సాగునట్లు ఎత్తైన స్తంభములు నిలుపవలెను. చూపు సాగుట యనగా సూది దూరునంత సందు చాలదు. 8 కిలోమీటర్ల వై-ఫై లంకెకు నడుమ భాగమున, గుఱిరేఖకు చుట్టు ఇంచుమించు 10 మీటర్ల బయలు ఉండవలెను. ఇట్టి లంకెల అనుభవము వ్రాసిన పరిశోధకులు మఱొక మాట చెప్పిరి: తరంగము వారిని ఏడిపించినది తక్కువ, కరెంటు ఏడిపించినది ఎక్కువ. ఎగిరిపడు వోల్టేజి, ఉన్నట్టుండి పోవు విద్యుత్తు యంత్రములను చంపినవి.

ఇపుడు అసలు చిక్కునకు వత్తును. పొడవైన తరంగము కొండ దాటునని తేలినది గదా, మఱి ఇంటర్నెట్టును ఎఫ్.ఎం. వలె మూడు మీటర్ల తరంగముపైనే ఎక్కించి పంపరాదా? ఈ ప్రశ్ననే నా మిత్రుని అడుగగా, ఆయన తొలిసారి కుర్చీలో కూర్చుండెను.

మొదటి అడ్డంకి బాట వెడల్పు. ఎఫ్.ఎం. కేంద్రమొకదానికి కావలసిన బాట మెగాహెర్ట్జ్‌లో అయిదవ వంతు. వై-ఫైలో ఒక సామాన్యమైన బాట 20 మెగాహెర్ట్జ్‌లు. అనగా 88 నుండి 108 వఱకు దేశములోని ఎఫ్.ఎం. కేంద్రములన్నియు పంచుకొనుచున్న మొత్తము స్థలము, వై-ఫై పెట్టె యొకటి వాడుకొను ఒక్క బాటతో సమానము! అమెరికాలో క్లాడ్ షానన్ 1948లో నిరూపించిన సూత్రమున్నది: సమాచారపు వేగము బాట వెడల్పుతో పాటు నేరుగా పెరుగును, శక్తితో మాత్రము మిక్కిలి మందముగా పెరుగును. బాటను రెట్టింపు చేసినచో వేగము ఇంచుమించు రెట్టింపగును. బాట పెంచక వేగమును రెట్టింపు చేయుటకు శక్తిని నూఱురెట్లు పెంచవలసిన సందర్భములు కలవు. క్రింది పౌనఃపున్యములలో వెడల్పైన బాటలు లేవు, ఉన్నవానికి హక్కుదారులు కలరు.

రెండవ అడ్డంకి మాకు, అనగా ప్రసారకులకు, తట్టనిది. మేము మాటలాడుదుము, శ్రోత వినును. ఎవరు వినుచున్నారో ఉత్తరము వచ్చినప్పుడు గాని మాకు తెలియదు. ఇంటర్నెట్టు అట్లు కాదు. పిల్లవాడు ఒక పాఠమును కోరినచో ఆ కోరిక మొదట పల్లె నుండి టవరుకు చేరవలెను. పాఠములోని ముక్క ముక్కకును "ముట్టినది" యని పల్లె బదులు పలుకవలెను. ఎఫ్.ఎం. ప్రసారిణి పది వేల వాట్లతో పలుకగలదు. చేతిలోని మొబైలు ఫోను వాటులో అయిదవ వంతుతో పలుకును. అనగా ఏబదివేల రెట్లు తేడా. కొండ మీదుగా జారి వచ్చుచు అఱువదియవ వంతైన పాట మేకల కాపరి జేబులో బ్రతికి యుండుటకు కారణము ఆ పది వేల వాట్ల బలము. తరంగము పొడవు మాత్రమే కాదు. అదే కొండను ఎదురుగా ఎక్కి పోవలసిన పిల్లవాని ఫోనుకు ఆ బలము లేదు. ఉపాధ్యాయుని ప్రశ్నకు నా మిత్రుడు చెప్పిన ఒక్క మాట చాలదనుట ఇందుకే.

మూడవది రొద. అత్యున్నత పౌనఃపున్యముల క్రింది భాగమున మనుష్యులు చేయు విద్యుత్ రొద హెచ్చు. పొలములో మోటారు స్టార్టరు వేసినను, చౌకరకపు దీపము వెలిగించినను అది రేగును. ఎఫ్.ఎం. గ్రాహకము తరంగపు ఎత్తుపల్లములను కోసివేయును గనుక మీరు దానిని అంతగా గమనింపరు. ఇంటర్నెట్టు యంత్రము ఎత్తుపల్లములలో గూడ సమాచారమును దాచును. దానికి కోయుట కుదరదు.

పై మూడింటికి తోడు ప్రతిబింబముల బెడద కలదు. నా బాల్యమున మిద్దెపై చేపముల్లు వంటి ఏరియలును త్రిప్పుట నా వంతు, "వచ్చినదా?" యని నేను పైనుండి కేక, "మనుష్యులు ఇద్దఱిద్దఱుగా కనబడుచున్నారు" అని క్రిందినుండి బదులు. ఆ రెండవ మనిషి, కొండకో నీళ్ళ ట్యాంకుకో తగిలి ఆలస్యముగా వచ్చిన తరంగపు బొమ్మ. 300 మీటర్లు చుట్టు తిరిగినచో సెకనులో పదిలక్షలవ వంతు ఆలస్యము. కంటికి అది నవ్వు పుట్టించును. అంకెలను చదువు యంత్రమునకు ఒక అక్షరము మీద మఱొకటి వ్రాసినట్లగును. నేటి పరికరములు సమాచారమును వందల సన్నని పాయలుగా చీల్చి, ఒక్కొక్క పాయను నెమ్మదిగా నడిపి, ఈ బెడదను చాల వఱకు జయించినవి.

ఇన్ని అడ్డంకులున్నను, క్రింది తరంగములతో పల్లెలకు ఇంటర్నెట్టు నందింపవచ్చునని నమ్మినవారు కలరు. వారి చూపు టెలివిజను విడిచిన ఖాళీల మీద పడినది. ఒక ఊరిలో వాడిన టెలివిజను బాటను ప్రక్క ఊరిలో వాడరు. అట్లు ఊరక పడియున్న బాటలను, టెలివిజనుకు భంగము కలుగకుండ, ఇతరులు వాడుకొనవచ్చునని అమెరికా ప్రభుత్వ సంస్థ 2008 నవంబరులో నిర్ణయించినది. మఱుసటి సంవత్సరమే వర్జీనియా రాష్ట్రమున క్లాడ్‌విల్ అను కొండపల్లెలో అట్టి లంకెను నడిపిరి. 2011లో 54 నుండి 862 మెగాహెర్ట్జ్‌ల వఱకు గల టెలివిజను బాటలలో ఇంటర్నెట్టు నడుపుటకు అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘము ప్రమాణమొకటి వెలువరించినది. దాని ప్రకారము ఒక బాటలో సెకనుకు 2 కోట్ల 20 లక్షల అంకెలు, అనుకూలించినచో 100 కిలోమీటర్ల వఱకు. విన సొంపుగా నున్నది. అయితే ఆ వేగమును పల్లె అంతయు పంచుకొనవలెను. సాయంకాలము 20 ఇండ్లవారు ఒక్కమాఱు కూర్చున్నచో ఇంటికి 11 లక్షలు. పాఠ్యపుస్తకము దిగుటకు చాలును, బొమ్మ కదలుట కష్టము.

మనదేశమున బొంబాయి ఐ.ఐ.టి. పరిశోధకులు 470 నుండి 590 మెగాహెర్ట్జ్‌ల నడుమ గల 15 టెలివిజను బాటలను పరిశీలించి, దేశములో దాదాపు అన్ని చోట్లను వానిలో 12 అయినను ఖాళీగా నున్నవని 2014 ప్రాంతమున ప్రకటించిరి. మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లా గ్రామములలో ప్రయోగము చేసి చూపిరి. పిదప 2022 మార్చి నాటికి దూరదర్శను వారి పాత అనలాగు ప్రసారిణులు, కొలదిపాటివి తప్ప, మూతపడినవి. అదే సంవత్సరము జరిగిన వేలములో 600 మెగాహెర్ట్జ్‌ల భాగమును అడిగినవారు లేరు. అంతకు ముందు రెండు వేలములలో, 2016లోను 2021లోను, అమ్ముడుపోని 700 మెగాహెర్ట్జ్‌ల భాగమును ఈసారి ఒక సంస్థ కొన్నది. దూరము పోగల తరంగమునకు ధర హెచ్చు, ధర పెట్టి కొన్నవానికి జనము హెచ్చుగా నున్న చోట లాభము. నలువది గడపల పల్లె కొఱకు ఎవరును వేలము పాడరు. ఊరక పడియున్న ఈ బాటలలో కొన్నింటినైనను, మన్యపు మండలములకు మాత్రమే వర్తించునట్లు, రుసుము లేకుండ విడిచిపెట్టినచో ఎవరికి నష్టమో నాకు బోధపడలేదు. ప్రసారిణి నాపి ఆ బాటలను ఖాళీచేసిన సంస్థల కుటుంబములో ఒకడనుగా ఈ మాట చెప్పుటకు నాకు కొంత చనవున్నదని తలచుచున్నాను.

అది జరుగు వఱకు ఉపాధ్యాయుడు వేచియుండనక్కర లేదు. 2005లోనే మన ప్రభుత్వము 2400 మెగాహెర్ట్జ్‌ల వై-ఫై పరికరములను, నిర్ణీత శక్తికి లోబడినచో, అనుమతిపత్రము లేకుండ వాడుకొననిచ్చినది; 2018లో 5000 మెగాహెర్ట్జ్‌ల ప్రాంతమున గూడ ఆరుబయట వాడుకకు సెలవిచ్చినది. కొండను చుట్టుకొనలేని పొట్టి తరంగమును కొండ యెక్కించి దించవలెను. శిఖరముపై రెండు చిన్న పళ్ళెములు: ఒకటి మండల కేంద్రము వైపు, రెండవది బడి కప్పు వైపు. నడుమ నొక చిన్న యంత్రము, సూర్యరశ్మితో నిండు బ్యాటరీ, పిడుగు తీగ, కోతులు త్రుంపకుండ ఇనుప గొట్టములో నడిపిన తీగలు. మండల కేంద్రములో లంకె ఇచ్చుటకు ఒప్పుకొను ఒక కార్యాలయము. కడపటిది తరంగశాస్త్రమునకు సంబంధించినది కాదు గాని, నా మిత్రుని అనుభవమున అన్నిటికంటె కష్టమైనది అదియే.

ఈ సంగతులన్నియు వ్రాసి, చింతచెట్టు వద్ద నిలుచున్నచో మండల కేంద్రపు టవరు, బడి కప్పు రెండును కనబడునా యని ఆయన నడిగితిని. పండ్రెండు దినములకు బదులు వచ్చినది. టవరు కనబడును, బడికి మాత్రము మామిడితోపు అడ్డము. పిల్లలతో కొండయంతయు తిరిగిరట. చెట్టుకు దక్షిణముగా ఏబది అడుగుల దూరమున నొక బండ యున్నదనియు, దానిపై ఎక్కినవానికి రెండు వైపులును అడ్డు లేవనియు, బడిమీది జెండాకఱ్ఱను గూడ ఒక బాలిక గుర్తుపట్టినదనియు వ్రాసిరి. ఉత్తరముతో పాటు ఆ బండ కొలతలు, దిక్కులు, మధ్యాహ్నమున నీడ పడు తీరును పెన్సిలుతో గీచిన పటమొకటి యున్నది. పటమును నా మిత్రుడు తన బల్లపై అద్దము క్రింద పెట్టుకొన్నాడు.